పచ్చగోడ

ఎదురింటి పిన్నిగారు వీధి మలుపులో ఇస్త్రీ బల్ల దగ్గర ఒక మాట అందట. ఇస్త్రీ చేసే ఆవిడ మడతబట్టలు ఇవ్వడానికి మెట్లెక్కి వచ్చి అత్తగారి చెవిన వేసింది. అత్తగారు కుట్టుమిషను తొక్కడం ఆపకుండానే కోడలికి అందించింది.

"నీ ఉద్యోగం గుట్టు ఎదురింటావిడ కనిపెట్టేసిందట. ఆఫీసులో గోడంత టీవీ ఉంటుందట. దాని నిండా ఆకుపచ్చ గళ్ళుంటాయట. పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా ఆ గళ్ళకేసి చూస్తూ కూర్చుంటే నీకు జీతం ఇస్తారట. 'మా ఆయనా రోజల్లా టీవీ చూస్తూనే ఉంటాడు, ఆయన్నెవరూ ఉద్యోగంలో పెట్టుకోరేం' అని ఒకటే నవ్వట."

కోడలు ఒంటికాలి మీద నిలబడి చెప్పు పట్టీ పెట్టుకుంటోంది. "అందులో అబద్ధం ఏముందత్తయ్యా. లిఫ్టులో నేనే చెప్పాను."

"నువ్వే చెప్పావూ! కాస్త గొప్పగా చెప్పుకోవడం కూడా చేతకాదు నీకు. కంప్యూటర్లకి కాపలా కాస్తానని చెప్పలేకపోయావా?"

"అదే చెప్పాను. ఆవిడ టీవీ దగ్గర ఆగిపోయింది."

"ఆ గళ్ళు పచ్చగా లేకపోతే ఏం చేస్తావ్ మరి?"

"పచ్చగా ఉండేటట్టు చూస్తాం."

అత్తగారు దారం పంటితో తెంపి, చేతిలోని ప్యాంటు కాలు తిరగేసి కిటికీ వెలుతురుకి పట్టుకుంది. ఎవరో పొట్టి చేయమని ఇచ్చిన ప్యాంటు. "వీడూ నీలాంటివాడే. కుట్టు పైకి కనిపించకూడదట. లోపల గుడ్డ చివికి పీలికలైపోయింది, ఆ సంగతి చెబితే చెవిన పెట్టడు," అని మళ్ళీ మిషను తొక్కింది. కొడుకు పని మీద వేరే ఊరెళ్ళాడు, ఈ వారమంతా రాడు. ఇంట్లో వినిపించే మాటలన్నీ ఈ ఇద్దరివే. కోడలు టిఫిను డబ్బా సంచిలో కుక్కుకుని మెట్లు దిగింది.

*

ఆఫీసు గదికి కిటికీలున్నా తెరలు దించి ఉంటాయి. తలుపు తీయగానే ఎదురుగోడంతా ఆ తెరే, దాని మీద నారుమడిలా వరసలు వరసలుగా గళ్ళు. ఒక్కో గడి వెనక ఒక్కో కంటెయినర్. ఒక పని చేసే ప్రోగ్రామునీ, దానికి కావలసిన సరంజామానీ కలిపి మూటకట్టేస్తే అదే కంటెయినర్. ఈ గదిలో అందరూ దాన్ని డబ్బా అంటారు. ఆ డబ్బాల్ని మోసేది ఒక్క కంప్యూటరు కాదు. ఎక్కడో చల్లటి గదిలో, ఒకే కాడికి కట్టిన ఎడ్లలా కలిసి లాగే కంప్యూటర్ల మంద. దాన్ని క్లస్టర్ అంటారు. ఒక కంప్యూటరు కూలబడితే దాని బరువు మిగతావి పంచుకుంటాయి. డబ్బా చచ్చిపోతే దాని చోట క్లస్టరే ఇంకొకటి లేపి నిలబెడుతుంది.

ఏది చచ్చిందో ఏది బతికుందో తెలుసుకోడానికి ఒక కాపలా ప్రోగ్రాము ఉంది. అది మాటిమాటికీ ప్రతి డబ్బానీ పలకరిస్తుంది. సరైన జవాబొస్తే గోడ మీద గడి పచ్చగా ఉంటుంది. జవాబు రాకపోతే గడి ఎర్రబడుతుంది, కాపలావాడు ఆ డబ్బాని తీసేయించి కొత్తది పెట్టిస్తాడు. ఏమని పలకరించాలో మనుషులు రాసిపెట్టాలి. రాసిన మాటని మార్చాలంటే ఒకరు రాస్తే ఇంకొకరు చదివి సరే అనాలి.

గోడ మీద అన్నిటికన్నా పొడుగు వరస స్లాట్లది. డయాలసిస్ కేంద్రాల్లో ఏ రోగి ఏ కుర్చీలో ఎప్పుడు కూర్చోవాలి, ఎంతసేపు, ఏ మందుతో, ఇదంతా చెప్పేది ఆ డబ్బాలే. వాటికో జబ్బుంది. వివరాలన్నీ దాచి ఉంచే డేటాబేసు దగ్గరికి వెళ్ళడానికి తెరిచిన తలుపుని ఒక్కోసారి మూయడం మరిచిపోతాయి. అలా తలుపులన్నీ అయిపోయాక డబ్బా గొంతుకడ్డం పడ్డట్టు నిలబడిపోతుంది, చావదు, పని చేయదు. మొన్నమొన్నటి దాకా కాపలావాడు "ఒక స్లాటు వెతికి చూపించు" అని అడిగేవాడు. నిలబడిపోయింది చూపించలేదు కదా, గడి ఎర్రబడేది, డబ్బా మారేది, పని నడిచేది. గోడ మాత్రం పొద్దస్తమానం మిణుగురు పురుగుల్లా ఎర్రెర్రగా మెరుస్తుండేది. ఆసుపత్రుల తరఫున పెద్దలు చూడడానికి వస్తారన్న కబురు తెలిశాక, ఈ జట్టుకి పెద్ద, అందరూ లీడు అనే ఆయన, ఆ ప్రశ్నని మార్చాడు. ఇప్పుడు కాపలావాడు "ఉన్నావా?" అనే అడుగుతాడు. నిలబడిపోయిన డబ్బా కూడా "ఉన్నాను" అంటుంది. ఆ మార్పు చదివి సరే అన్నది కోడలే.

లీడుకి గదిలో చాటుమాటు పేరు పచ్చజెండా. పైనుంచి ఏ మాటొచ్చినా "అయిపోతుంది సార్" అని ఊపేస్తాడు గనక.

ఆ మంగళవారం పొద్దున గదిలోకి వచ్చేసరికి పసుపురంగు హెల్మెట్ మాష్టారి నెత్తి మీద ఉంది. భవనాలు కట్టే పనివాళ్ళు పెట్టుకుంటారే, అలాంటిది. క్లస్టర్ మీదికి ఎవరు కొత్త డబ్బా పంపుతుంటే వాళ్ళ దగ్గర ఆ హెల్మెట్ ఉండాలి, అది దిగేదాకా మిగతావాళ్ళు దేన్నీ ముట్టుకోకూడదు. అందరూ దాన్ని బల్ల మీద పడేసుకుంటారు. మాష్టారొక్కడే నెత్తిన పెట్టుకుని, గడ్డం కింద పట్టీ కూడా బిగిస్తాడు. కాలేజీలో లెక్కలు చెప్పి చెప్పి, యాభై దాటాక ఈ పనిలోకి వచ్చాడు. కాంట్రాక్టు మీద ఉన్నాడు.

"ఏం మాష్టారూ, పైనుంచి ఇటుకలేమైనా పడతాయా?" అంది కోడలు సంచి కుర్చీకి తగిలిస్తూ.

"పడితే నా మీదే పడతాయి కదమ్మా. జాగ్రత్తలో ఉంటే తప్పేముంది."

"ఏం పంపుతున్నారు?"

"మెసేజీలది. రోగులకెళ్ళే మెసేజీలో కేంద్రం చిరునామా కూడా చేర్చాం. పాపం ముసలివాళ్ళు ఒకచోటికి పోబోయి ఇంకోచోటికి పోతున్నారట." తెర మీద వరస కింద వేలు పెట్టి, పంతులు పాఠం చదివినట్టు పెదవులు కదుపుతూ ఆదేశం మొత్తం చదివాడు. లేచి నిలబడి "పంపిస్తున్నా!" అని గదంతా వినబడేలా అన్నాడు. అలా అనడం కూడా రివాజే. మిగతావాళ్ళు కూర్చునే అంటారు.

మెసేజీల వరసలో పాత గళ్ళు ఒక్కొక్కటే ఆరి కొత్త గళ్ళు వెలిగాయి. అన్నీ పచ్చగానే. ఆయన పట్టీ ఊడదీయబోతుంటే బల్ల మీద ఫోను మోగింది.

కోడలు ఎత్తింది. ఏదో కేంద్రంలో కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి. "ఏమండీ, మీ స్లాట్లు గిర్రున తిరుగుతూనే ఉన్నాయి, రావడం లేదు. లోపల కుర్చీలు ఖాళీ, బయట బెంచీల నిండా జనం. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టమంటారు?"

"ఎప్పట్నుంచి?"

"తలుపులు తీసిన దగ్గర్నుంచీ. ఇందాకట్నుంచి చేస్తున్నా, మీవాళ్ళెవరో ఎత్తి 'మాకు బాగానే కనిపిస్తోంది' అని పెట్టేశారు. మీకు బాగుంటే నాకేంటండీ? ఎవరికెంతసేపో, ఏ మందో అంతా అందులోనే ఉంది. నా ఇష్టానికి కూర్చోబెడితే రేపు నన్నిక్కడ కూర్చోనివ్వరు."

కోడలు తలెత్తి గోడకేసి చూసింది. స్లాట్ల వరస మొదటి గడి నుంచి చివరి గడి దాకా లేత వరిచేనులా పచ్చగా ఉంది.

ఈలోగా లీడు చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని లోపలికొచ్చాడు. ఆ ఫోన్లో అవతలివాళ్ళకి "అయిపోతుంది సార్" అంటూనే ఇటు తిరిగి, "ఆఖరి మార్పు ఎవరిది?" అన్నాడు. అందరి చూపూ హెల్మెట్ మీదికి పోయింది.

"మాష్టారిది వెనక్కి తీసెయ్. పనిలో పని, స్లాట్లవి కూడా అన్నీ ఓసారి రీస్టార్ట్ కొట్టు," అన్నాడు కోడలితో.

కోడలు రెండూ చేసింది. ఒకదాని వెనక ఒకటి, ఊపిరి తీసి వదిలేంత ఎడంలో. స్లాట్లు కదిలాయి. కౌంటరు అమ్మాయి ఫోన్లోనే "వచ్చాయి, వచ్చాయి" అని, పెట్టేయకుండానే వెనక్కి తిరిగి ఎవరినో పిలవడం వినిపించింది.

"చూశారా మాష్టారూ! మీది తీయగానే నడిచింది," అన్నాడు లీడు. కోపంగా అనలేదు. పెళ్ళిపీటల మీద కూర్చున్నవాడి భుజం తట్టినట్టు తట్టి వెళ్ళిపోయాడు. మాష్టారు పట్టీ ఊడదీసి, హెల్మెట్ బోర్లించి బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చున్నాడు.

కోడలు పాత లెక్కలు తెరిచింది. క్షణం క్షణం ఎన్ని స్లాట్లు ఖరారయ్యాయో చూపించే గీత ఒకటి ఉంటుంది. పచ్చగళ్ళు ఉండగా దాన్నెవరూ తెరవరు. ఆ గీత తెల్లవారుతుండగానే నేలకి కరుచుకుపోయింది. మాష్టారు బస్సైనా ఎక్కని వేళ.

టీ మిషను దగ్గర లీడు ఒంటరిగా దొరికాడు.

"సార్, స్లాట్లు ఆగింది మాష్టారు పంపకముందే. ఆయనది వెనక్కి తీసినందువల్ల నడవలేదు. రీస్టార్ట్ వల్ల నడిచింది."

"తెలుసు," అన్నాడు లీడు, కప్పు నిండేదాకా దాన్నే చూస్తూ. "శుక్రవారం పెద్దవాళ్ళొస్తున్నారు. ఆ పూట గట్టెక్కితే పాత పలకరింపు మళ్ళీ పెట్టేద్దాం. అందాకా నువ్వు పొద్దున రాగానే చేత్తో ఓసారి రీస్టార్ట్ కొట్టెయ్. ఎవరికీ చెప్పక్కర్లేదు."

"మాష్టారి సంగతి?"

"రిపోర్టులో పేర్లు రాయం కదా. మనది నింద లేని సమీక్ష. నేనెక్కడన్నా ఆయన పేరు రాశానా?" టీ ఊదుకున్నాడు. "ఇంకో మాట. ఆ మార్పు నేను రాశాను, సరే అన్నది నువ్వు. వచ్చే నెల నేను పై పదవికి పోతున్నాను. ఈ కుర్చీకి నీ పేరే చెప్పాను. అనవసరంగా కెలక్కు."

కోడలు కప్పు తీసుకుంది. అందులో పంచదార వేసుకోవడం మరిచిపోయిన సంగతి సగం తాగాక తెలిసింది.

*

బుధవారం పొద్దున రాగానే రీస్టార్ట్ కొట్టింది. గళ్ళు ఒకసారి రెప్పవేసి తెరిచినట్టు మినుకుమని మళ్ళీ పచ్చబడ్డాయి. ఎవరూ గమనించలేదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఎదురింటి పిన్నిగారు అత్తగారి ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. చేతిలో మొగుడి ప్యాంటు.

"కాళ్ళు పట్టడం లేదు వదినా. కింద కాస్త వదులు చెయ్యి."

"వదులు చేయడానికి ఇందులో గుడ్డేదీ? పక్కకుట్టు విప్పి అతుకు వెయ్యాలి. అయినా అన్నయ్యగారి కాళ్ళు అంత లావెప్పుడయ్యాయి?"

"నిన్న. వారానికి రెండుసార్లు కడిగిస్తాం కదా రక్తం, నిన్న ఆ వంతు. పొద్దున్నే వెళ్ళాం. లోపల కుర్చీలు ఖాళీగా కనబడుతున్నాయి వదినా, కూర్చోనివ్వరు! కంప్యూటర్లో స్లాటు రాలేదంటారు. బెంచీ మీద కూర్చుని కూర్చుని మనిషికి ఎగశ్వాస వచ్చేసింది. తీరా లోపలికి పిలిచాక, వెనకాల జనం ఉన్నారు, ఇవాళ్టికి సగమే చేస్తాం అన్నారు. ఇదిగో, తెల్లారేసరికి కాళ్ళు ఇలా." రెండు చేతులతో గుమ్మడికాయంత చూపించింది. "ఆయన ఏమీ అనడు. ఎవరైనా ఎలా ఉన్నారంటే బాగున్నానంటాడు. ఆ కౌంటరు పిల్ల అడిగినా అదే జవాబు. బాగున్నాడు కదాని చివరికి నెట్టేశారు."

కోడలు గుమ్మంలోనే ఆగింది. పిన్నిగారు చూసి, "రావే అమ్మాయ్, నీ ఇంట్లో నీకు మొహమాటమేంటి? అన్నట్టు ఆ స్లాట్ల కంప్యూటర్లు ఎవరు చూస్తారో నీకేమన్నా తెలుస్తుందా? నీ చెవిన వేస్తే వాళ్ళ చెవిన పడుతుందేమో."

"మేమే చూస్తాం పిన్నిగారూ."

మిషను ఆగింది.

"మీరేనా? ఆ గళ్ళు?"

"ఆ గళ్ళే."

"నిన్న పొద్దున ఎలా ఉన్నాయి మరి?"

"పచ్చగానే ఉన్నాయి."

పిన్నిగారు కాసేపు ఆమె మొహంలోకి చూసింది. ఇస్త్రీ బల్ల దగ్గర నవ్విన మనిషి ఇప్పుడు నవ్వలేదు. "అలాగా," అంది. "పచ్చగా ఉంటే ఇంకేం. మీ బాబాయికి ఊరికే వాచినట్టున్నాయి కాళ్ళు." లేచి, ప్యాంటు మిషను మీద పెట్టి, "తొందరేం లేదు వదినా, వాపు దిగితే ఇదే సరిపోతుందేమో చూద్దాం," అని వెళ్ళిపోయింది.

అత్తగారు ఆ ప్యాంటు పక్కకుట్టు బ్లేడుతో విప్పడం మొదలుపెట్టింది.

*

గురువారం కూడా రీస్టార్ట్ కొట్టింది. మధ్యాహ్నం సమీక్ష.

ఆ సమీక్షకి ఒక నియమం ఉంది. ఏ పొరపాటు మీదైనా మాట్లాడుకోవచ్చు గానీ మనిషి పేరెత్తకూడదు. పేరెత్తితే జనం భయపడి నిజం దాచేస్తారని, ఎవరో మంచి ఉద్దేశంతోనే పెట్టారు. గుండ్రటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నాక లీడు తెర మీద రిపోర్టు వేశాడు. "మంగళవారం పొద్దున ఒక మార్పు తగినంత పరీక్షించకుండా పంపబడింది. దానివల్ల స్లాట్లు నిలిచాయి. ఆ మార్పును వెనక్కి తీయగానే పరిస్థితి చక్కబడింది."

మాష్టారు కళ్ళజోడు పైకి తోసుకుని, వేలితో గాల్లోనే గీత గీస్తూ చదివాడు. చదివి చెయ్యెత్తాడు, క్లాసులో పిల్లవాడిలా.

"సార్, మంగళవారం పొద్దున నేను తప్ప ఎవరూ ఏదీ పంపలేదు. ఒక మార్పు అంటే నాదే కదండీ?"

"ఇక్కడ పేర్లు చెప్పుకోం మాష్టారూ. ఎవరూ మిమ్మల్ని అనలేదు. మీరెందుకు భుజాలు తడుముకుంటారు?"

బల్ల చుట్టూ చిన్న నవ్వు పాకింది.

"అది కాదు సార్. నేను పంపింది మెసేజీలది. స్లాట్ల జోలికే పోలేదు. నేను ఆ రోజు..."

"మళ్ళీ చూడండి, నేను నేను అంటున్నారు. మీకే ఇబ్బంది. రూలు అందరికీ ఒకటే."

మాష్టారి నోరు తెరిచి ఉంది. ఇంకో మాట ఏదో వెతుక్కున్నాడు. తన పేరెత్తకుండా తన తరఫున చెప్పుకోడానికి మాటేదీ దొరకలేదు. చెయ్యి దించి, చొక్కా మణికట్టు దగ్గర గుండీ విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇంకెవరైనా ఏమైనా చేర్చాలా?" అన్నాడు లీడు. అందరి మొహాలూ వరసగా చూశాడు, కోడలి మొహం వదిలేసి. ఆమె ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. అందులో ఆ గీత. తెల్లవారుతుండగా నేలకి కరుచుకున్న గీత. దాన్ని పెద్ద తెర మీదికి ఎక్కించాలంటే ఒక్క తీగ గుచ్చాలి, అది బల్ల మధ్యలో, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఎవరో కుర్చీ జరిపారు. మాష్టారు ఆమె కేసి చూడలేదు. కోడలు మూత దించింది.

సాయంత్రం కాంట్రాక్టు ఏజెన్సీ నుంచి మాష్టారికి రెండు వాక్యాల మెయిల్ వచ్చింది. సోమవారం నుంచి రానవసరం లేదని మొదటిది. ధన్యవాదాలని రెండోది.

*

శుక్రవారం గదిలో బల్లలు తుడిచి ఉన్నాయి. తీగలన్నీ బల్లల కిందికి దోపేశారు. ఎవరో పూలకుండీ ఒకటి తెచ్చి గోడ పక్కన పెట్టారు. లీడు కొత్త చొక్కాలో ఉన్నాడు, కాలరు మెడ దగ్గర ఒరుసుకుంటోందేమో, మాటిమాటికీ వేలు పెట్టి సర్దుకుంటున్నాడు.

"కొట్టావా?" అన్నాడు దాటిపోతూ. ఆమె జవాబు చెప్పేలోగా అతిథుల్ని తీసుకురావడానికి కిందికి వెళ్ళిపోయాడు.

కోడలు కొట్టలేదు. గీత తెరిచి చూస్తోంది. తెల్లవారినప్పటి ఎత్తు నుంచి అది కొండ దిగే బండిలా దిగుతోంది. ఫోను ఇంకా మోగలేదు గానీ ఎక్కడో కౌంటర్ల ముందు స్లాట్లు గిర్రున తిరగడం మొదలై ఉంటుంది. గోడ పచ్చగా ఉంది.

మాష్టారు సొరుగు ఖాళీ చేసుకుంటున్నాడు. కళ్ళజోడు డబ్బా, నడుముకి పెట్టుకునే దిండు, చేతిరుమాలు, తాళంచెవి లేని ఒక తాళం. ఆ తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడిదో గుర్తురాక, దాన్నీ సంచిలో వేసుకున్నాడు.

"మాష్టారూ, మీ లాగిన్ ఇంకా పనిచేస్తోందా?"

"సాయంత్రం దాకా ఉంచారమ్మా. ఎందుకు?"

"ఒక మార్పు రాశాను. ఇంకొకరు చదివి సరే అనాలి."

ఆయన దిండు పక్కన పెట్టి కుర్చీ లాక్కున్నాడు. తెర మీద వేలు పెట్టాడు. చిన్న మార్పు. ఉన్నావా అనే ప్రశ్న కొట్టేసి, ఒక స్లాటు వెతికి చూపించు అనే ప్రశ్న పెట్టడం. పెదవులు కదిలాయి, ఆగాయి, మొదటికి వెళ్ళి మళ్ళీ కదిలాయి.

"ఇది పాత పలకరింపు."

"అవునండి."

"దీన్ని ఎప్పుడు తీసేశారు?"

"వీళ్ళొస్తున్నారని తెలిసినప్పుడు. లీడు మార్చాడు. సరే అన్నది నేను."

మాష్టారు తెరకేసి ఇంకాస్త వంగాడు. వేలు ఇంకా తెర మీదే ఉంది. "అయితే మంగళవారం..." అని ఆపేశాడు. తర్వాత, "నిన్న నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా," అన్నాడు.

"ఉన్నాను."

"ఊఁ," అన్నాడు. "ఇది నొక్కితే గోడ ఎర్రబడుతుంది. వాళ్ళు మెట్లెక్కుతుంటారు ఈపాటికి."

"ఎక్కుతుంటారు."

"నాకు పోయేది నిన్ననే పోయింది. నీ సంగతి?"

"చదివి తప్పుంటే చెప్పండి మాష్టారూ. లేకపోతే సరే అనండి."

ఆయన మూడోసారి చదివాడు. తప్పు దొరికితే బాగుండునన్నట్టు మెల్లగా, అక్షరం అక్షరం మీద ఆగుతూ. "తప్పేమీ లేదు," అని నొక్కాడు.

కోడలు లేచి హెల్మెట్ అందుకుంది. ఎప్పుడూ బల్ల మీద పెట్టుకునేదే. ఇవాళ నెత్తిన పెట్టుకుంది. అది కళ్ళ మీదికి జారింది. మాష్టారు చూసి, తనే లేచి, వెనకాల పట్టీ రెండు గళ్ళు లోపలికి బిగించి, "ఇప్పుడు చూడు," అన్నాడు. ఆగింది.

ఆమె నిలబడే "పంపిస్తున్నా!" అని, కూర్చుని మీట నొక్కింది. గదిలో వాళ్ళు తలలెత్తి, ఇవాళ ఎవరు పంపమన్నారన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

తలుపు అప్పుడే తెరుచుకుంది. ముందు లీడు, వెనక ఆసుపత్రుల తరఫు పెద్దావిడ. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. ఆవిడ వెనక నలుగురైదుగురు. "ఇదే మేడమ్ మా గోడ," అని లీడు చెయ్యి చాపాడు, కొత్త ఇంటిని చూపించినట్టు. "క్లస్టర్ మొత్తం ఇక్కణ్ణుంచే కనిపిస్తుంది. మీ స్లాట్లు ఆ పొడుగు వరస. మీరే చూడండి, అంతా..."

వరస మధ్యలో ఒక గడి ఎర్రబడింది.

లీడు చెయ్యి అలాగే చాపి ఉంది. దాని పక్కది ఎర్రబడింది. తర్వాత చివరన రెండు. తర్వాత ఎక్కడ చూస్తే అక్కడ, ఆరబెట్టిన మిరపపళ్ళు ఒలికినట్టు. వెనక ఉన్నవాళ్ళలో ఒకాయన ఫోను తీసి ఫొటో తీయబోయి, తీయాలో వద్దో తెలియక ఆగాడు.

"ఇప్పుడే ఎవరో ఏదో మార్పు పంపినట్టున్నారు మేడమ్," అన్నాడు లీడు. గొంతు మామూలుగానే ఉంది, వేలు కాలరు దగ్గరుంది. "చిన్న విషయం. వెనక్కి తీసేస్తే చక్కబడుతుంది. అయిపోతుంది." ఇటు తిరిగాడు. పసుపు హెల్మెట్ కోసం చూపు అలవాటుగా మాష్టారి బల్ల మీదికి పోయింది. అక్కడ దిండు ఒక్కటే ఉంది. అప్పుడు కోడల్ని చూశాడు. "వెనక్కి తియ్," అన్నాడు మెల్లగా, నవ్వు చెరగనివ్వకుండా. "తియ్ ముందు."

కోడలు కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

గోడ మీద మొదట ఎర్రబడిన గడి ఆరిపోయింది. దాని చోట కొత్తది లేచి, కాస్త తడబడి, పచ్చగా నిలబడింది. ఎవరూ చూడలేదు దాన్ని. మాష్టారు చూశాడు. ఆమె ముందు తెర మీద నేలకి దిగుతున్న గీత వంకర తిరిగి, పైకి మొహం పెట్టింది.

పెద్దావిడ గొలుసుకి వేలాడుతున్న కళ్ళజోడు తీసి పెట్టుకుంది. గోడ దగ్గరికి నడిచి, ఎర్రటి గళ్ళని దగ్గర్నుంచి చూసి, వెనక్కి తిరిగి హెల్మెట్ కేసి చూసింది.

"ఏమ్మా, పంపింది నువ్వేనా?"

"నేనేనండీ."

"ఇన్నాళ్ళూ శుభ్రంగా ఉన్నాయని మాకు రిపోర్టులొచ్చాయి. మేము వచ్చిన ఈ ఒక్క పూట ఏం పాడు చేశావు?"

లీడు ఏదో చెప్పబోయాడు. ఆవిడ చెయ్యి కొంచెం ఎత్తింది, ఆగమన్నట్టు.

కోడలు లేచి నిలబడింది. పట్టీ గడ్డం కింద ఒరుసుకుంటోంది. దాన్ని విప్పలేదు.

"ఇవాళ ఏమీ పాడవలేదండీ. ఎప్పట్నుంచో ఇలాగే ఉంది. మేమే పైన పచ్చరంగు పూసుకుని కూర్చున్నాం."